జమా ఖర్చు: గాలి నిల్వ చూసుకుని నీళ్ళలోకి

గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్నది మన పెద్దల మాట. కళ్ళంలో ధాన్యం రాశి పోసి, చేట పక్కన పెట్టుకుని, గాలి తిరిగేదాకా ఓపిగ్గా కూర్చున్న రైతుకు గాలి విలువ తెలుసు. ఆ రైతుల మనుమలు, మునిమనుమలు ఇవాళ చెన్నైలో, ముంబైలో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారం వస్తే పడవో పలకో పట్టుకుని సముద్రానికి బయలుదేరుతున్నారు. వాళ్ళూ గాలి కోసమే చూస్తున్నారు. తాతగారు గుప్పెడు దుమ్ము పైకి విసిరి చూసేవారు, మనుమడు చేతిలోని ఫోను చూస్తున్నాడు. అంతే తేడా.

ఈ శీర్షికలో ఎప్పుడూ డిపాజిట్లు, బీమా, వీలునామాలు అంటూ రాసే మనిషికి గాలితో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. మన సంఘంలో ఎదిగిన పిల్లలున్న తల్లిదండ్రులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి: “మా వాడు సెయిలింగ్ నేర్చుకుంటానంటున్నాడు, మా అమ్మాయి కైట్ సర్ఫింగ్ అంటోంది, పంపవచ్చా?” దీనికి ఎప్పటికీ చెల్లే జవాబు ఒకటి లేదు. కాని “ఫలానా రోజు, ఫలానా గంటకు, ఫలానా ఒడ్డున దిగవచ్చా?” అని అడిగితే జవాబుంది. అది అంకెల్లో ఉంది. అంకెలు చదవడం మా వృత్తి కనుక ఈసారి గాలి లెక్క ఎత్తుకున్నాను.

పిల్లలకు ఈ సరదా ఎందుకు పుట్టిందంటే, మన కళ్ళముందే చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్, వేలూరు అబ్బాయి విష్ణు శరవణన్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోను, 2024 పారిస్ ఒలింపిక్స్‌లోను తెరచాప పడవలు నడిపారు. సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించిన మొదటి భారతీయ మహిళ నేత్రాయే. చెన్నై హార్బరులోని రాయల్ మద్రాస్ యాచ్ క్లబ్బు 1911 నాటిది. ఒకప్పుడు దొరల వినోదంగా ఉన్నది ఇప్పుడు మన ఇళ్ళలోకి వచ్చింది. వద్దని తలుపు వేసేకంటే, లెక్క నేర్పి పంపడం మంచిదని నా అభిప్రాయం.

అంచనా వేరు, నిల్వ వేరు

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. విండీ, విండ్‌గురు, విండ్‌ఫైండర్ వంటివి ఫోనులో తెరిస్తే సముద్రం మీద రంగురంగుల గీతలు పారుతూ కనబడతాయి. చూడగానే ఇప్పుడు వీస్తున్న గాలిని అక్కడే నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. నిజానికి అందులో అధిక భాగం కంప్యూటరు వేసిన అంచనా. అమెరికావారి జి.ఎఫ్.ఎస్. నమూనాను రోజుకు నాలుగుసార్లు కొత్తగా లెక్కగడతారు. అది భూమిని సుమారు 13 కిలోమీటర్ల గడులుగా చూస్తుంది. ఐరోపావారిది సుమారు 9 కిలోమీటర్ల గడి. మన దేశం 2025 మే నెలలో ప్రవేశపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ది 6 కిలోమీటర్ల గడి. ఎంత చిన్న గడి అయినా, మీ పిల్లవాడు దిగే ఒడ్డు ఆ గడిలో ఒక మూల. ఆ మూలన ఉన్న సరుగుడు తోపూ, అపార్టుమెంటూ, నదీముఖమూ ఆ లెక్కకు పూర్తిగా అందవు.

దీన్ని బడ్జెట్ అనుకోండి. బడ్జెట్ అవసరమే, అది లేకుండా రేపటి పని ఆలోచించలేం. కాని చెక్కు పాస్ చేయడానికి బడ్జెట్ చూడం, ఖాతాలో ఈ క్షణాన ఉన్న నిల్వ చూస్తాం. గాలికి ఆ నిల్వ చెప్పేది స్తంభం మీద తిరిగే గాలిమర కొలమానం. సముద్రతీర కేంద్రాల్లోనూ, కొన్ని క్రీడా క్లబ్బుల్లోనూ, విమానాశ్రయాల్లోనూ ఇవి ఉంటాయి. సముద్రం మధ్యలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు లంగరు వేసి ఉంచిన బోయాలు ఉపగ్రహం ద్వారా కబురు పంపుతుంటాయి. మనం చూస్తున్న అంకె వీటిలో దేనిదో, ఎన్ని గంటలకు తీసినదో ముందు చూసుకోవాలి. మూడు గంటల కింద ఆగిపోయిన అంకె నిన్నటి పాస్‌బుక్కు లాంటిది. మరొకటి, కొన్నిచోట్ల సమయం గ్రీనిచ్ లెక్కలో ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలుపుకుంటేనే మన సమయం.

విమానాశ్రయం అంకె దొరకడం సులభం. చెన్నై విమానాశ్రయం నుంచి అరగంటకొకసారి వస్తుంది. అయితే మీనంబాక్కం సముద్రపు ఒడ్డున లేదు, కొన్ని కిలోమీటర్లు లోపల ఉంది. ఇళ్ళ మీదుగా వచ్చేసరికి గాలి నీరసిస్తుంది. హెడ్డాఫీసు లెక్క చూసి బ్రాంచిలో ఎంత నగదు ఉందో చెప్పలేం గదా!

నాట్లు, సగటు, విసురు

గాలి వేగాన్ని నాట్లలో చెబుతారు. ఇవి వరినాట్లు కావు. గంటకు ఒక సముద్రపు మైలు, అంటే 1.852 కిలోమీటర్లు, ఒక నాట్. 10 నాట్లంటే గంటకు పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు. కొన్నిచోట్ల సెకనుకు మీటర్లలో ఇస్తారు. అది ఇంచుమించు రెట్టింపు చేస్తే నాట్లవుతుంది. సెకనుకు 10 మీటర్లని రాసి ఉన్నదాన్ని 10 నాట్లని చదివితే, అసలు గాలి మీరనుకున్నదానికి దాదాపు రెండింతలు ఉంటుంది. డాలర్లను రూపాయలని చదివినట్టే.

ఆ రెండింతలు మామూలు రెండింతలు కాదు. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే తోపు నాలుగింతలవుతుంది. 10 నాట్ల గాలిలో చేతితో పట్టి ఆపగలిగిన తెరచాప 15 నాట్లకు రెండింతల పైచిలుకు బలంతో లాగుతుంది, 20 నాట్లకు నాలుగింతల బలంతో ఈడ్చుకుపోతుంది. అందుకే కైట్ సర్ఫింగ్ చేసేవారు గాలిని బట్టి గాలిపటం మారుస్తారు. ఓ 75 కిలోల మనిషి 15 నాట్లకు పదకొండు, పన్నెండు చదరపు మీటర్ల పటం వాడితే, 20 నాట్లకు ఎనిమిదో తొమ్మిదో, 25 నాట్లకు ఏడో సరిపోతుంది. గాలి లెక్క తెలియకుండా పటం ఎంచుకోవడం కుదరని పని.

తరువాతిది సగటు, విసురు. మీకు కనబడే పెద్ద అంకె పది నిమిషాల సగటు కావచ్చు. దాని పక్కన చిన్న అక్షరాల్లో గస్ట్ అని మరొక అంకె ఉంటుంది. అదే విసురు. నెల సగటు నిల్వ బాగానే ఉన్నా మధ్యలో ఒకరోజు ఖాతా ఖాళీ అయితే ఆ రోజు చెక్కు తిరిగి వస్తుంది. అలాగే మనిషిని నీటిలో పడేసేది సగటు గాలి కాదు, విసురు. సగటుకూ విసురుకూ దూరం తక్కువగా ఉంటే గాలి మర్యాదస్థురాలు. దూరం పెరిగితే ఆ రోజు దాన్ని నమ్మకూడదు. విసురు సగటుకు ఒకటిన్నర రెట్లు దాటితే కొత్తగా నేర్చుకునేవారు ఒడ్డునే ఉండాలన్నది మా ఇంట్లో పెట్టుకున్న నియమం.

మూడోది దిక్కు. గాలిని అది వచ్చే దిక్కుతో పిలుస్తారు. నైరుతి గాలి నైరుతి నుంచి వస్తుంది. ఒడ్డుకు పక్కగా, కొంచెం ఒడ్డు వైపు తోస్తూ వీచే గాలి అన్నిటికన్నా క్షేమం, ఏం జరిగినా తిరిగి ఒడ్డుకే చేరుస్తుంది. ఒడ్డు మీది నుంచి సముద్రం లోపలికి వీచేది అపాయకరమైన గాలి. చిక్కేమిటంటే, ఆ గాలి వీచేటప్పుడు ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా కనబడతాయి. ముచ్చటపడి పలక మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ వెళ్ళినవారికి వంద గజాలు దాటాక గాని గాలి ఎంతుందో తెలియదు. అప్పటికి వెనక్కి తెడ్డు వేసే సత్తువ ఉండదు.

మన తీరాల గాలులు

తమిళంలో నాలుగు దిక్కుల గాలులకు నాలుగు పేర్లున్నాయి: ఉత్తరానిది వాడై, దక్షిణానిది తెన్రల్, తూర్పుది కొండల్, పడమటిది కోడై. ఆ గడ్డ మీద తరతరాలుగా ఉంటున్న మనకు ఇవి కొత్త మాటలు కావు. చెన్నైలో మే, జూన్ నెలల్లో ఉదయంపూట పడమటి గాలి వీస్తుంది. మన తీరానికి అది ఒడ్డు నుంచి లోపలికి తోసే గాలి. మధ్యాహ్నానికి నేల కాగి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి సముద్రం మీది చల్లగాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి వస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఊరు ఉడికిపోతుంది. కనుక సెయిలింగువారికి మధ్యాహ్నం మంచిదైతే, కోవళంలో అలల మీద సర్ఫింగ్ చేసేవారికి తెల్లవారుజాము మంచిది. సముద్రపు గాలి లేస్తే అల చెదిరిపోతుంది. ఒకరికి పండుగైన గాలి మరొకరికి పనికిరాదు.

రామేశ్వరంలో వేసవి మొదలు సెప్టెంబరు దాకా నైరుతి గాలి, చలికాలంలో ఈశాన్య గాలి నిలకడగా వీస్తాయి. సన్నని దీవి కావడంతో ఒక పక్క సముద్రం అలలతో ఉంటే రెండో పక్క కాస్త ప్రశాంతంగా ఉంటుంది. అయితే ఆ ప్రశాంతమైన పక్కన గాలి లోపలికి తోస్తుందని మరువకూడదు. పడమటి తీరాన ముంబై, మూల్కీ వైపు ఉన్న మన సభ్యులకు లెక్క తిరగబడుతుంది: అక్కడ తూర్పు గాలి లోపలికి తోసేది. వానాకాలంలో ఆ సముద్రంలో కొత్తవారికి చోటు లేదు.

ఒడిశాలోని మనవారు చిలికాకు వెళుతుంటారు. అది లోతు తక్కువ సరస్సు, గాలి లేవగానే పొట్టి పొట్టి కెరటాలు త్వరగా లేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వచ్చే కాలవైశాఖి ఈదురుగాలులకు అక్కడ ప్రత్యేకంగా భయపడాలి. యానాంలో ఉన్నవారు గౌతమిలో గాలితోపాటు ఆటుపోట్లూ చూసుకోవాలి. ఆటు సమయంలో నీరు సముద్రం వైపు లాగుతుండగా సముద్రపు గాలి ఎదురు వస్తే, అదే 12 నాట్ల గాలికి కెరటం నిటారుగా లేస్తుంది. హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో జూలైలో జరిగే సెయిలింగ్ పోటీలు నైరుతి రుతుపవనాల గాలిని నమ్ముకున్నవే. చుట్టూ భవనాలుండటం వల్ల అక్కడ గాలి క్షణక్షణం దిక్కు మార్చి పోటీదార్ల తెలివిని పరీక్షిస్తుంది.

డబ్బు పోయిన మధ్యాహ్నం

గత ఆగస్టులో మా దగ్గరి బంధువుల కుటుంబం పిల్లలకు కైట్ సర్ఫింగ్ నేర్పించడానికి రామేశ్వరం వెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను. రెండో రోజు మధ్యాహ్నం పాఠం ఉండదని శిక్షకుడు చెప్పాడు. పాతికేళ్ళు కూడా లేని కుర్రవాడు. “ముందే డబ్బు కట్టాం, రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చాం, ఎండ బ్రహ్మాండంగా ఉంది, ఏమిటండీ అభ్యంతరం?” అని మా బావగారు గట్టిగానే అడిగారు. ఆ కుర్రవాడు కోపగించుకోలేదు. ఫోను చూపించాడు. “సార్, సగటు 19, విసురు 31. గంట కిందట సగటు 15, విసురు 20. పెరుగుతోంది. మీ అబ్బాయి బరువు 48 కిలోలు” అన్నాడు.

నేను ఆ అంకెలు చూశాను. ఒకటిన్నర రెట్లు దాటింది. ఋణం అడిగినవాడి పత్రాలన్నీ చక్కగా ఉన్నా, గత మూడు నెలల ఖాతా చూసి వద్దనే అధికారి లాంటివాడు ఆ అబ్బాయి. ఆ మధ్యాహ్నం అక్కడ ఏ ప్రమాదమూ జరగలేదు. జరగలేదు కనుక అతని మాట అనవసరమని ఎవరైనా అనవచ్చు. తిరస్కరించిన అప్పు మొండిబాకీ అయ్యేదో కాదో ఏ లెక్కలోనూ కనబడదు. అయినా తిరస్కరించవలసినదాన్ని తిరస్కరించాల్సిందే. పిల్లల్ని పంపేముందు శిక్షకుడిని ఫీజు ఎంతని అడిగే తల్లిదండ్రులు, “మీరు ఏ అంకె దగ్గర పాఠం ఆపేస్తారు?” అని కూడా అడగాలి. తడుముకోకుండా జవాబు చెప్పినవాడి దగ్గరికి ధైర్యంగా పంపవచ్చు.

మారసేలో జరిగిన పారిస్ ఒలింపిక్స్ సెయిలింగ్ పోటీలు గాలి చాలక పదేపదే వాయిదా పడ్డాయి. ప్రపంచంలోని మేటి నావికులు, మేటి యంత్రాలు ఉండి కూడా గాలి కోసం ఒడ్డున వేచి ఉన్నారు. మనం ఒక ఆదివారం వేచి ఉంటే పోయేదేముంది?

గాలి అంకె చెప్పనివి

గాలి లెక్క సరిపోయినంత మాత్రాన అన్నీ సరిపోయినట్టు కాదు. ఎక్కడో దక్షిణ సముద్రంలో లేచిన తుఫాను కెరటాలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, ఇక్కడ గాలి లేని రోజున కూడా ఒడ్డును ముంచెత్తుతాయి. మలయాళంలో దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రమని అర్థం. 2024 మే 6న కన్యాకుమారి జిల్లాలో ఒక బీచిలో ఐదుగురు యువ వైద్య విద్యార్థులు అలాంటి కెరటాలకు బలయ్యారు. అప్పటికే ఆ హెచ్చరిక అమలులో ఉంది. హెచ్చరిక ఇచ్చింది మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో ఏర్పడిన ఈ సంస్థ అల ఎత్తు, దూరపు కెరటం, గాలి, ఆటుపోట్లు అన్నీ ముందుగా తెలుపుతుంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని దేశంలోని తీరాలన్నిటికీ కావలి కాస్తున్న ఈ సంస్థను మనం తప్పక వాడుకోవాలి.

రెండోది ఉరుములతో వచ్చే ఈదురుగాలి. గాలి హఠాత్తుగా కనీసం 16 నాట్లు పెరిగి, 22 నాట్లు దాటి, కనీసం ఒక నిమిషం నిలిస్తే దాన్ని వాతావరణశాఖవారు స్క్వాల్ అంటారు. నిన్న రాత్రి వేసిన అంచనాలో అది ఏ నిమిషాన వస్తుందో ఉండదు. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గోదావరిలో ఈదురుగాలికి లాంచీ మునిగి ఎన్ని ఇళ్ళు చీకటయ్యాయో మనకు తెలుసు. అది నది, అందులో ఉన్నవారు ఆటకు వెళ్ళినవారు కూడా కారు. గాలికి ఆ తేడాలు లేవు. వేసవి సాయంత్రం నల్లమబ్బు కనబడి, చెమట పడుతున్న ఒంటికి ఉన్నట్టుండి చల్లగాలి తగిలిందంటే ఫోను తీసే సమయం కూడా లేదు, ఒడ్డుకు రావాలి. బయలుదేరే ముందు వాతావరణశాఖవారి మూడు గంటల హెచ్చరికలూ, పిడుగుల కోసం దామిని యాప్ చూసుకోవడం మంచిది.

తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల చేపలవేటకు నిషేధం. ఆ 61 రోజులు సముద్రం మీద ఆదుకొనే పడవలు తక్కువగా ఉంటాయని గుర్తుంచుకోండి. సముద్రంలో ఆపద వస్తే తీరరక్షక దళం నంబరు 1554, సాధారణ అత్యవసర నంబరు 112. ఇవి ఇంట్లో ఉన్నవారి ఫోనులో ఉండాలి.

సరిపోల్చే పుస్తకం

మా బ్యాంకు పనిలో ఒక అలవాటు ఉంది. మన పుస్తకంలోని నిల్వనూ, అవతలివారి పుస్తకంలోని నిల్వనూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకు వచ్చిందో రాసుకుంటాం. రికన్సిలియేషన్ అంటారు. ఈ పని గాలికీ చేయవచ్చు. రెండు రూపాయల నోటుబుక్కు కాలం పోయింది గాని, ఏ నోటుబుక్కయినా సరే, నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో రాత్రి చూసిన అంచనా, రేపు మధ్యాహ్నం మూడు గంటలకు ఎన్ని నాట్లు, ఏ దిక్కు. రెండో గడిలో మర్నాడు మూడు గంటలకు కొలమానం చూపిన సగటు, విసురు. మూడో గడిలో కళ్ళకు కనబడింది. నాలుగో గడిలో తేడా.

కంటి కొలతకు బ్యూఫోర్ట్ అనే నావికాధికారి 1805లో వేసిన పద్ధతి ఇప్పటికీ పనికివస్తుంది. అలల తలమీద అక్కడక్కడ తెల్ల నురగ మొదలైతే 7 నుంచి 10 నాట్లు. నురగలు తరచుగా కనబడుతూ, ఒడ్డున దుమ్మూ కాగితాలూ లేస్తుంటే 11 నుంచి 16. ఎటు చూసినా నురగలే అయితే 17 నుంచి 21. పెద్ద అలలతో తుంపర లేస్తుంటే 22 దాటినట్టు. నేర్చుకునేవారిలో తెడ్డు పలకవారికి 10 నాట్ల లోపు, విండ్ సర్ఫింగ్‌వారికి 12 లోపు, కైట్ శిక్షణకు 12 నుంచి 20 దాకా సాధారణంగా అనువైన గాలి.

ఒక నెల ఈ పుస్తకం రాస్తే మీ ఒడ్డు గుణం బయటపడుతుంది. ఫలానా దిక్కు గాలికి అంచనా ఎప్పుడూ మూడు నాట్లు తక్కువ చెబుతోందనో, ఫలానా నెలలో గంట ముందే గాలి లేస్తోందనో మీకే తెలుస్తుంది. ఆ జ్ఞానం ఏ యాప్‌లోనూ దొరకదు. ఆ ఒడ్డున పుట్టి పెరిగిన పల్లెకారుల దగ్గర దొరుకుతుంది, లేదా మీ పుస్తకంలో దొరుకుతుంది. వారిని అడగడానికి సిగ్గుపడవద్దు.

ఈ పుస్తకం పిల్లల చేతనే రాయించండి. నెల రోజులు విసుగు లేకుండా గాలి లెక్క రాసిన పిల్లవాడు, లెక్క కుదరని రోజున తనంతట తానే “ఇవాళ వద్దు” అంటాడు. మనం వద్దనడం కన్నా వాడు వద్దనుకోవడంలోనే క్షేమం ఎక్కువ. తల్లిదండ్రులు ప్రతి ఆదివారం ఒడ్డున నిలబడి కాపలా కాయలేరు గదా.

వచ్చే సంచికకు ముందు ఏ ఊరి పిల్లలైనా ఇలాంటి నెల పుస్తకం పూర్తి చేస్తే, నకలు తీసి సంపాదకులకు పంపండి. కోవళం, రామేశ్వరం, మూల్కీ, గోపాలపూర్, యానాం, ఏ ఒడ్డుదైనా సరే. అన్నీ పక్కపక్కన పెట్టి, తేడాలు సరిచూసి, ఇదే శీర్షికలో ప్రకటిద్దాం. మన పిల్లలు రాసిన గాలి లెక్క మన పత్రికలో అచ్చయితే, ఆ తరువాత దిగే పిల్లలకు అదే మొదటి పాఠమవుతుంది.